జైపాల్ సింగ్ ముండా: హాకీ మైదానం నుంచి రాజ్యాంగ సభ దాకా

ఒలింపిక్ హాకీలో భారత్ తొలి స్వర్ణం అనగానే ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిన ఆ జట్టుకు సారథి మాత్రం జైపాల్ సింగ్ ముండా. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆయనే రాజ్యాంగ సభలో ఆదివాసీల పక్షాన నిలిచి, దేశం వారికి ఏం బాకీ పడిందో సూటిగా అడిగారు.

పల్లె నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు

నేటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో ఉన్న టక్రా గ్రామంలో, ముండా తెగకు చెందిన కుటుంబంలో 1903 జనవరి 3న ఆయన జన్మించారు. రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ పాఠశాలలో చదువుతున్నప్పుడు ఆయన ప్రతిభను గుర్తించిన మిషనరీలు ఇంగ్లండ్ పంపించారు. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదువుతూనే హాకీలో విశ్వవిద్యాలయం తరఫున ఆడి పేరు తెచ్చుకున్నారు.

ఇండియన్ సివిల్ సర్వీసుకు ఎంపికై శిక్షణలో ఉండగానే ఒలింపిక్ జట్టు సారథ్యం వహించాలన్న పిలుపు వచ్చింది. సెలవు దొరకకపోయినా ఆయన ఆమ్‌స్టర్‌డామ్ బయలుదేరారు. చివరకు ఆ కొలువునే వదులుకున్నారు. ఆ పోటీల్లో భారత్ ఐదు మ్యాచ్‌లలో 29 గోల్స్ చేసి, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మే 26న ఫైనల్‌లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించింది. అయితే ఫైనల్‌లో జైపాల్ ఆడలేదు.

రాజకీయాల్లోకి ఎలా వచ్చారు?

ఉద్యోగం, అధ్యాపక వృత్తి, సంస్థాన సేవల అనంతరం ఆయన ఛోటా నాగపూర్‌కు తిరిగివచ్చారు. 1939లో రాంచీలో జరిగిన ఆదివాసీ మహాసభకు అధ్యక్షత వహించారు. భూములు వడ్డీ వ్యాపారుల పాలవుతున్న, పొట్టకూటికి జనం తేయాకు తోటలకు వలసపోతున్న ప్రాంతమది. బిహార్ నుంచి వేరుపడిన ప్రత్యేక రాష్ట్రమే పరిష్కారమని ఆయన వాదించారు. అనుచరులు ఆయనను ‘మరంగ్ గోమ్కే’, అంటే మహానాయకుడు, అని పిలుచుకున్నారు.

రాజ్యాంగ సభలో ఏం కోరారు?

1946 డిసెంబరు 19న లక్ష్యాల తీర్మానంపై మాట్లాడుతూ, ఆదివాసీలకు ప్రజాస్వామ్యాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదనీ, వారి నుంచే ఇతరులు నేర్చుకోవాలనీ అన్నారు. ‘ఆదివాసీ’ అన్న పదాన్నే వాడాలని పట్టుబట్టారు. అది కేవలం పేరుకు సంబంధించిన పేచీ కాదు. ఈ నేలపై తొలి హక్కుదారులెవరన్న ప్రశ్న అందులో ఉంది. రాజ్యాంగం చివరకు ‘షెడ్యూల్డు తెగలు’ అన్న పదాన్నే స్వీకరించింది. మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చడాన్నీ ఆయన వ్యతిరేకించారు. ఆదివాసీల పూజల్లో, పండుగల్లో బియ్యపు కల్లుకు ఉన్న స్థానాన్ని సభకు వివరించారు.

నాటి చర్చలకు తెలుగు నేలతోనూ సంబంధముంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఏజెన్సీ ప్రాంతాలకు ప్రత్యేక పాలనా రక్షణ కల్పిస్తున్న ఐదో షెడ్యూలు రూపుదిద్దుకున్నది ఆ సభలోనే.

విజయం తర్వాత వెనుకడుగు

1952 ఎన్నికల్లో ఆయన నాయకత్వంలోని జార్ఖండ్ పార్టీ బిహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. జైపాల్ లోక్‌సభకు ఎన్నికై, మరణించే వరకు సభ్యునిగా కొనసాగారు. కానీ 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం ప్రత్యేక జార్ఖండ్ కోరికను తోసిపుచ్చింది. ఆ ప్రాంతంలో ఆదివాసీలు మెజారిటీ కారన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఆదివాసీ గుర్తింపు చుట్టూ అల్లుకున్న ఉద్యమానికి ఆ లెక్కే అడ్డుగోడగా మారింది.

పార్టీ బలం తగ్గుతూ రాగా, 1963లో దాన్ని కాంగ్రెస్‌లో విలీనం చేశారు. అధికారంలో ఉన్న పక్షంలో చేరితే రాష్ట్రం సాధ్యమవుతుందన్న ఆశ నెరవేరలేదు. అనేకమంది కార్యకర్తలు దాన్ని ద్రోహంగా భావించారు. ఉద్యమం ముక్కలైంది. 1970 మార్చి 20న ఆయన కన్నుమూశారు.

ముప్పై ఏళ్ల తర్వాత, 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి రోజున జార్ఖండ్ ఏర్పడింది. రాంచీలో ఓ మైదానానికి జైపాల్ పేరుంది. రాష్ట్రం వచ్చినా, భూమిపై, అడవిపై ఎవరి మాట చెల్లాలన్న ఆయన ప్రశ్న ఇప్పటికీ వివాదాస్పదంగానే మిగిలింది.