తిరగబడి కూర్చున్న మందు

కోదాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు: “కీళ్లవాతానికి డాక్టరు గారు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోమన్నారు. మర్నాడు ఫోలిక్ యాసిడ్ రాశారు. ఒకదానికి ఇంకొకటి విరుగుడంటున్నారు. మరి రెండూ ఎందుకు?”

అమ్మా, ఈ రెండు బిళ్లలూ ఒకే మనిషి పేరుతో ముడిపడ్డాయి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం మొదట ఫోలిక్ యాసిడ్‌ను, ఆ తర్వాత దానిలాగే కనిపించి దాని పనినే అడ్డుకునే మందులను తయారు చేసింది.

కణం రెండు కావాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏకి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ ఇందులో ఒక రూపం) కావాలి. ఆ ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి తెచ్చే ఎంజైము పేరు డీహెచ్‌ఎఫ్‌ఆర్. కథంతా ఈ ఎంజైములో ఫోలేట్ కూర్చునే గుంతలోనే జరుగుతుంది.

ఫోలిక్ యాసిడ్‌కు ఒక చివర జంట వలయం ఉంటుంది. అక్కడి ఒక ఆక్సిజన్‌ను తీసి అమైనో గుంపును పెట్టి, వలయానికి కాస్త అవతల ఒక మిథైల్ తగిలిస్తే మెథోట్రెక్సేట్. మార్పు అంతే! కానీ ఆ అమైనో వల్ల వలయం సులభంగా ప్రోటాన్‌ను పట్టుకుని ధనావేశం పొందుతుంది. ఎంజైము గుంతలో ఋణావేశం కాచుకుని ఉంటుంది. రెండూ అతుక్కుంటే ఫోలేట్ కన్నా దాదాపు వెయ్యి రెట్లు గట్టి పట్టు. మిర్యాలగూడ రైస్ మిల్లులో వడ్లతో పాటు రాయి పడి రోలర్ల మధ్య ఇరుక్కున్నట్టే. మిల్లు చెడలేదు, కానీ గింజ ఆడదు.

పోలిక ఇంత దగ్గరగా ఉంది కాబట్టి రెండూ ఒకేలా కూర్చుంటాయనుకోవడం సహజం. అది పొరపాటు. 1977లో ఎక్స్‌-రే స్ఫటిక చిత్రం వచ్చాక, ఫోలేట్‌తో పోలిస్తే మెథోట్రెక్సేట్ వలయం బోర్లా తిరిగి కూర్చుందని తేలింది. నకలు అసలు ఆసనంలోనే కూర్చుంది, కానీ తిరగబడి!

అంతకుముందు మరో పొరపాటు జరిగింది. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకాలిస్తే మేలవుతుందనుకున్నారు. జబ్బు ఇంకా ముదిరింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ ఓటమినే సూచనగా తీసుకుని, సుబ్బారావు బృందం పంపిన, ఫోలేట్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ వాడి, 1948లో తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని ప్రకటించారు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

క్యాన్సర్ కణాలకు ఫోలేట్ మీదున్న ఈ ఆకలి ఈనాడు మందుకు చిరునామా కూడా అయింది. చాలా అండాశయ క్యాన్సర్ కణాల మీద ఫోలేట్ గ్రాహకాలు మెండు. ఫోలేట్ లాంటి అణువుకు వెలిగే రంగును కట్టి పంపితే అది అక్కడికే చేరుతుంది. ఆపరేషన్‌లో ప్రత్యేక కెమెరా కింద క్యాన్సర్ మెరుస్తుంది. దీన్ని 2021లో అమెరికాలో అనుమతించారు.

ఇక మీ ప్రశ్న. కీళ్లవాతంలో మోతాదు చిన్నది. అక్కడ వాపును తగ్గించేది ముఖ్యంగా ఫోలేట్‌ను అడ్డుకోవడం కాదు, అడినోసిన్ అనే పదార్థం పెరగడమని భావిస్తారు. కాబట్టి ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా ఆ మేలు పెద్దగా పోదు, నోటిపూత, వికారం తగ్గుతాయి. అందుకే రెండూ.

ఒక్కటే మనవి: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఆ రోజు పేరును చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి, ఇంట్లో అందరికీ చెప్పండి.