శ్రమజీవి మౌనం

తెలంగాణలోని గోదావరి లోయలో భూగర్భ బొగ్గుతవ్వకం 1889లో ఇల్లెందు ప్రాంతాన ఆరంభమైనది. నేటి సింగరేణి సంస్థకు అదే మూలం. గనిలో దిగే కార్మికునికి షిఫ్టు మారినప్పుడల్లా నిద్రవేళ, భోజనవేళ మారుతాయి.

గనిలో ఒక మంచి ఆచారం ఉన్నది. పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టి చెవి ఒగ్గి వింటారు. డొల్ల శబ్దం వస్తే రాతిపొర వదులైనదని గ్రహిస్తారు. ‘కప్పు బాగులేదు’ అని చెప్పినవానిని ఎవరూ పిరికివాడనరు, అనుభవజ్ఞుడని గౌరవిస్తారు. అదే మనిషి ‘నిద్ర పట్టడం లేదు, గనిలో దిగాలంటే గుండె దడదడలాడుతున్నది’ అని చెప్పుకోవడానికి సంకోచిస్తాడు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని ఒక గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. మృతుల లెక్క మనకు తెలుసు. వారితో కలిసి పనిచేసి, మళ్ళీ గనిలో దిగినవారి మనోవ్యథను లెక్కించినవారెవరు?

‘నవ్వే ఆడదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదు’ అని సామెత. ఒక్క మాటతో ఇద్దరికీ అన్యాయం చేసిన సామెత ఇది! బరువు మోయడం, సంపాదించడం, నోరు మెదపకపోవడమే పౌరుషమని మగపిల్లలకు బాల్యంనుండే నేర్పుతాము. మాటగా వెలువడని దుఃఖం కోపంగానో, మద్యపానంగానో, ఒళ్ళునొప్పులుగానో బయటపడుతుంది. ఇంటివారు దానిని దుర్గుణమని తలుస్తారు.

ఇది గనులకే పరిమితం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో పురుషులు 1,18,979 మంది. మొత్తంలో దినకూలీలు 42,004 మంది.

భగవద్గీత ప్రథమాధ్యాయం పేరు అర్జునవిషాదయోగం. శరీరం వణుకుతున్నదని, నోరెండుతున్నదని, గాండీవం చేజారుతున్నదని ఆ మహావీరుడు ఇరుసేనల నడుమ తన సారథితో చెప్పుకున్నాడు. శ్రీకృష్ణుడు మొదట ‘ఈ పౌరుషహీనత నీకు తగదు’ అనే భావంతో మందలించాడు. ఆ మందలింపు ఫలించలేదు. అర్జునుడు యుద్ధం చేయనని చెప్పి మౌనం వహించాడు. ఆ తరువాతనే అసలు సంభాషణ సాగింది. అర్జునుడు ప్రశ్నించినన్ని మార్లు శ్రీకృష్ణుడు ఓపికగా బదులిచ్చాడు. మనవారు మాత్రం ఆ మొదటి మందలింపు దగ్గరే ఆగిపోతున్నారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్సను పౌరుల హక్కుగా గుర్తించింది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం టెలి-మానస్ సేవను ప్రారంభించింది. దాని నంబరు 14416. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన వేళనైనా ఆ నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.