పటంలో మారుతున్న శీతోష్ణస్థితి

భూమి వేడెక్కుతున్నదని చెప్పడానికి శాస్త్రజ్ఞులు సంఖ్యలను ఆశ్రయిస్తారు. సామాన్యుని మనస్సుకు సంఖ్య అంత సులభంగా అంటదు. తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ మధ్య పది డిగ్రీల తేడాను ప్రతిరోజూ భరించే రైతుకు “భూగోళం ఒకటిన్నర డిగ్రీ వేడెక్కింది” అంటే అది లెక్కలోకి రాని మాట. ఏ ప్రాంతం ఎంత వేడెక్కిందో రంగులతో ఒక్క చూపులో తెలియజేయగల పటం ఇందుకే అవసరమైనది. అయితే పటాన్ని గీసినవారు ముందుగా కొన్ని నిర్ణయాలు చేసి ఉంటారు. వాటిని తెలుసుకోకుండా పటాన్ని నమ్మడమూ తగదు, నిరాకరించడమూ తగదు.

అన్నిటికంటె ముఖ్యమైన నిర్ణయం, దేనితో పోల్చుతున్నాము అన్నది. ఐరోపా సమాఖ్యకు చెందిన కోపర్నికస్ సంస్థ లెక్క ప్రకారం 2024వ సంవత్సరపు ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 1850–1900 నాటి సగటు కంటె 1.60 డిగ్రీల సెల్సియస్ అధికం. అదే సంవత్సరాన్ని 1991–2020 సగటుతో పోల్చితే ఆధిక్యం 0.72 డిగ్రీలు మాత్రమే. రెండు లెక్కలూ సత్యమే. కాని ఒకే రంగుల కొలతతో గీస్తే మొదటి పటం ముదురు ఎరుపుగాను, రెండవది లేతగాను వస్తుంది. పటం అడుగున చిన్న అక్షరాలలో ఉండే ఈ ఆధార సంవత్సరాలను చదవనివారిలో ఒకరు “ప్రళయం” అంటారు, మరొకరు “అతిశయోక్తి” అంటారు.

ప్రపంచపటం ఆకృతిని కూడా గమనించాలి. 1569లో మెర్కేటర్ నావికుల సౌకర్యార్థం రూపొందించిన పటంలో ధ్రువాల వైపు పోయేకొద్దీ భూభాగాలు ఉబ్బిపోతాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది. వాస్తవానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు. అత్యధికంగా వేడెక్కుతున్నది ఉత్తర ధ్రువ ప్రాంతమే కనుక, అటువంటి పటంపై ఎరుపు ఉన్నదానికంటె విస్తారంగా పరచుకొంటుంది. ప్రచారకునికి ఇది అనుకూలమే కావచ్చును, ఉపాధ్యాయునికి మాత్రం కాదు. ఇక రంగుల ఎంపిక: ఎరుపు, ఆకుపచ్చల భేదం గుర్తించలేని కన్నులు కొందరికి ఉంటాయి కనుక, ఆ రెండింటిని ఎదురెదురుగా వాడకపోవడం మేలు.

పటం ఎక్కువ చేసి చూపే సందర్భం అది. తక్కువ చేసి చూపే సందర్భం మన తీరంలోనే ఉన్నది. సముద్రమట్టం ఒక మీటరు పెరిగితే మునిగే నేలను నీలిరంగుతో చూపే పటాలను మీరు చూచి ఉంటారు. ఆ ఎత్తుకు లోబడిన నేలనంతా నీలంతో నింపడమే వాటి పద్ధతి. నేల ఎత్తు ఎలా తెలిసింది? అటువంటి అనేక పటాలకు ఆధారం 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్షనౌక ఎండెవర్ రాడార్‌తో సేకరించిన కొలతలు. రాడార్ చాలాచోట్ల నేలను గాక చెట్ల తలలను, ఇళ్ల కప్పులను కొలిచింది. కాబట్టి పల్లపు నేల మెరకగా నమోదయింది. ఈ దోషాన్ని సవరించి 2019లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ముంపు ప్రమాదంలో ఉన్న జనసంఖ్య పాత లెక్కకు మూడు రెట్లయింది.

ఇటువంటి పటమొకటి తరగతిగోడకు తగిలించినపుడు, అవనిగడ్డ ప్రాంతపు విద్యార్థి ఒకడు లేచి వచ్చి తన ఊరుండే చోటుపై వేలు పెట్టాడు. నీలం అక్కడికి రాలేదు. “మరి 1977లో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయని తాతయ్య చెబుతాడు కదా, సార్?” అన్నాడు. ప్రశ్న సరియైనదే. ఆ పటం చూపినది నిశ్చలంగా నిలిచిన సముద్రాన్ని. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమందిని బలిగొన్నది తుపాను గాలి నేలపైకి తోసిన ఉప్పెన. సముద్రమట్టం పెరిగితే రేపటి ఉప్పెన ఆ పెరిగిన మట్టం పైనుంచే బయలుదేరుతుంది. ఇది ఆ నీలిరంగులో లేదు. పటం క్రింద ఒక్క వాక్యమైనా వ్రాయలేదు.

సెలవులకు ఇంటికి వెళ్లిన ఆ విద్యార్థి, ఆనాడు నీరు నిలిచిన ఎత్తును తాతగారు చూపిన స్తంభంపై టేపుతో కొలిచి తెచ్చాడు. ఆంగ్లంలో అచ్చయిన మా పటంపై ఇప్పుడు ఆ ఊరి పేరు తెలుగులోను ఉర్దూలోను వ్రాసి ఉన్నది, ప్రక్కన ఆ కొలత సిరాతో.