ఎమ్మిగనూరు చేనేత నివాసాలు

ఎమ్మిగనూరు చేనేత నివాసాలు అనగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఎమ్మిగనూరు పట్టణంలో నేతపనికి అనువుగా రూపుదిద్దుకున్న ఇళ్ళు, వీధులు, కాలనీలు. ఆదోనికి ఈశాన్య దిశలో ఉన్న ఈ పట్టణం చేనేత దుప్పట్లు, తువ్వాళ్ళు, చీరలకు పేరు పొందింది. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా సుమారు 95 వేలు. 1938లో ఇక్కడ ఏర్పడిన చేనేత సహకార సంఘం నేతపనితో పాటు నేతగాని నివాసాన్ని కూడా తన బాధ్యతగా స్వీకరించింది. ఆ కృషి ఫలితంగా పట్టణంలో వీవర్స్ కాలనీ వెలసింది. నేతగానికి ఇల్లే కర్మాగారం కాబట్టి, ఈ ఇళ్ళ చరిత్ర ఇక్కడి వృత్తి చరిత్ర నుండి విడదీయరానిది.

చారిత్రక నేపథ్యం

విజయనగర సామ్రాజ్యంలో ఆదోని ముఖ్యమైన దుర్గం. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం తరువాత ఈ ప్రాంతం బీజాపూరు సుల్తానుల వశమైంది. 17వ శతాబ్దంలో బీజాపూరు తరఫున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ ఆదోనిలో జామియా మసీదును నిర్మించాడు. అటు తరువాత మొగలులు, నిజాము పాలించారు. 1786లో టిప్పు సుల్తాను ఆదోని కోటను పట్టుకున్నాడు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తత చేయగా, ఇది దత్త మండలాలలో భాగమైంది. 1808లో బళ్ళారి జిల్లా ఏర్పడినపుడు ఆదోని తాలూకా అందులో చేరింది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని నేతకేంద్రం. ఆ కాలంలో ఆదోని జంఖానాలనబడే నూలు తివాచీలకు ప్రసిద్ధి చెందింది.

మద్రాసు నుండి వచ్చే రైలుమార్గం, బొంబాయి నుండి వచ్చే మార్గం 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆదోని ఆ మార్గంలోనే ఉన్నందున ప్రత్తి వ్యాపారం విస్తరించింది. అయితే అదే రైలుమార్గం మిల్లు బట్టను కూడా పల్లెలకు చేర్చింది. ప్రత్తి వ్యాపారి లాభపడగా నేతగాడు నష్టపోయాడు. ధాతు కరువుగా పేరొందిన 1876–78 నాటి కరువులో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. కరువు వచ్చినపుడు జనం ముందుగా మానుకునేది బట్ట కొనడమే. అందువలన పంట పోయిన రైతుతో పాటు నేతగాడు కూడా పస్తులుండవలసి వచ్చేది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. వీటిలో ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా విడిపోయిన తరువాత కూడా ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోనే కొనసాగుతున్నాయి.

మట్టిమిద్దె

ఈ ప్రాంతపు సంప్రదాయ గృహం మట్టిమిద్దె. రాతిని, మట్టిని కలిపి మందమైన గోడలు కడతారు. గోడల మీద, స్తంభాల మీద దూలాలు, వాటిపై దంతెలు పరచి, ఆపైన కట్టెపుల్లలు, ఆకులు వేసి, అన్నిటి మీద మట్టిని దట్టంగా కప్పుతారు. పై పొరగా చౌడుమట్టి వేస్తారు. తడిసినపుడు చౌడుమట్టి బిగిసి నీటిని లోపలికి దిగనివ్వదు. వానాకాలానికి ముందు మిద్దెపై కొత్త చౌడు వేయడం ఇంటివారికి ఏటా తప్పని పని. వెలుతురు కోసం, పొగ పోవడానికి పైకప్పులో గవాక్షి అనే రంధ్రం ఉంచుతారు. వాన వచ్చినపుడు దానిని బండతోనో కుండతోనో మూసివేస్తారు.

వర్షపాతం తక్కువగా, ఎండ తీవ్రంగా ఉండే రాయలసీమకు ఈ నిర్మాణం చక్కగా సరిపోయింది. మందమైన గోడలు, మట్టి కప్పు పగటి వేడిని లోపలికి త్వరగా రానీయవు. అయితే ఎడతెరిపి లేని ముసురు పట్టినపుడు మట్టి నాని, దూలాలపై బరువు పెరిగి మిద్దెలు కూలే ప్రమాదం ఉంటుంది. నల్లరేగడి నేలల్లో మరొక ఇబ్బంది ఉంది. ఈ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పునాది గట్టి నేల వరకు దిగకపోతే గోడలు బీటలు వారుతాయి.

నేత ఇల్లు

రైతు ఇంటిలో పశువులకు, ధాన్యానికి కేటాయించే చోటు నేత ఇంటిలో మగ్గానికి దక్కుతుంది. ఇక్కడ సంప్రదాయంగా వాడేది గుంటమగ్గం. నేలలో సుమారు రెండు, మూడు అడుగుల లోతున గుంట తవ్వుతారు. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి తొక్కుడు పలకలను తొక్కుతూ, చేతులతో నాడెను నడుపుతాడు.

గుంటమగ్గం కేవలం పేదరికం వలన మిగిలిన పాత పద్ధతి కాదు. గుంటలోని నేలచెమ్మ పడుగు పోగులకు తగినంత తేమనిస్తుంది. పొడి గాలిలో నూలు పెళుసై తరచుగా తెగుతుంది. తెగిన ప్రతి పోగును అతకడానికి సమయం పడుతుంది, ఆ మేరకు కూలి తగ్గుతుంది. కాబట్టి చల్లని మట్టి ఇల్లు, చెమ్మగల గుంట నేతగాని రాబడిని నిర్ణయించే అంశాలు. మరోవైపు, వర్షపు నీరు గుంటలో నిలిస్తే మగ్గం ఆగిపోతుంది. పునాది ఎత్తు, మురుగుకాలువ సక్రమంగా లేని ఇంటిలో వానాకాలమంటే పనిలేని కాలమే.

కుటుంబమంతా పనిలో పాల్గొంటుంది. నేసేవారు మగ్గం మీద ఉండగా, ఇతరులు రాట్నంపై కండెలు చుడతారు. వంట, నిద్ర, పిల్లల చదువు, పని అన్నీ ఆ కప్పు క్రిందనే సాగుతాయి.

వీధి, చెట్లు

నేతపనిలో ఒక భాగం ఇంటి బయట జరుగుతుంది. పడుగును నేతకు సిద్ధం చేయడానికి దానిని వీధి పొడవునా చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. దీనికి పదుల మీటర్ల పొడవున తిన్నని ఖాళీ స్థలం కావాలి. ఒక్క కుటుంబం వలన అయ్యే పని కాదు కనుక ఇరుగుపొరుగు వారు చేయి కలుపుతారు. ఎండ నేరుగా తగిలితే గంజి త్వరగా ఎండి పోగులు బిరుసెక్కుతాయి. అందుకే ఈ పనిని తెల్లవారుజామున మొదలుపెడతారు, చెట్ల నీడ ఉన్న వీధిని ఎంచుకుంటారు.

కాబట్టి నేతవాడలో వెడల్పైన వీధి, దాని వెంట వేప, కానుగ వంటి నీడ చెట్లు అలంకారం కోసం ఏర్పడినవి కావు. నూలుకు గాని, మనిషికి గాని మగ్గం తరువాత అవసరమైనది ఆ నీడే. ఇంగ్లండులో ఎబనేజర్ హోవర్డ్ 1898లో ప్రతిపాదించిన ఉద్యాన నగర భావన పట్టణవాసికి చెట్లను, ఆరుబయలును తిరిగి సమకూర్చాలని కోరింది. పాట్రిక్ గెడ్డెస్ 1914–15 కాలంలో మద్రాసు రాష్ట్రంలో పర్యటించి పలు పట్టణాలపై నివేదికలు ఇచ్చాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. పట్టణ ప్రణాళికాకారులు ఆరోగ్యం కోసం కోరిన చెట్ల వీధిని నేతవాడ తన వృత్తి కోసం ముందే కోరుకుంది.

సహకార సంఘం, వీవర్స్ కాలనీ

1930 దశకపు ఆర్థికమాంద్యంలో నేతగాళ్ళు నూలు కోసం షావుకార్లపై ఆధారపడి అప్పులపాలయ్యారు. నూలు ఇచ్చేదీ, బట్ట కొనేదీ, అప్పు పెట్టేదీ ఒక్కరే అయినపుడు కూలి రేటు నేతగాని చేతిలో ఉండదు. మద్రాసు రాష్ట్రంలో 1932లో సహకార సంఘాల చట్టం, 1935లో రాష్ట్రస్థాయి చేనేత సహకార సంఘం వచ్చాయి. ఈ వాతావరణంలో 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించాడు. సంఘం సభ్యులకు నూలు ఇచ్చి, కూలి చెల్లించి, బట్టను తానే అమ్మే ఏర్పాటు చేసింది. సోమప్ప తరువాతి కాలంలో పద్మశ్రీ పురస్కారం పొందాడు. స్థానికులు ఈ సంఘాన్ని సొసైటీ అని పిలుస్తారు.

1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్టపై సుంకం విధించి, ఆ ధనాన్ని చేనేత, ఖాదీల అభివృద్ధికి వెచ్చించే చట్టం వచ్చింది. సహకార సంఘాల ద్వారా నేతగాళ్ళకు ఇళ్ళ కాలనీలు కట్టించడానికి అప్పు, గ్రాంటు రూపంలో సహాయం అందింది. సొంత ఇల్లు లేని నేతగాడు మగ్గాన్ని కూడా అద్దె ఇంటిలోనే దింపుకోవాలి. ఇల్లు మారితే గుంట మళ్ళీ తవ్వాలి, అందుకు ఇంటి యజమాని ఒప్పుకోవాలి. కాలనీ ఇల్లు ఈ ఇబ్బందిని తొలగించింది. ఎమ్మిగనూరులో కుర్ని, దేవాంగ, పద్మశాలి, తొగట తదితర నేత కులాల వారు నివసిస్తున్నారు.

ప్రస్తుత స్థితి

మరమగ్గాల పోటీ, నూలు ధరల పెరుగుదల, అమ్మకాలు తగ్గడం వలన ఎమ్మిగనూరు చేనేత పూర్వపు స్థాయిని కోల్పోయింది. వృత్తిలో వచ్చిన మార్పు ఇంటిలోనూ కనిపిస్తుంది. నేత మానుకున్న కుటుంబం గుంటను పూడ్చి, ఆ చోటును గదిగానో దుకాణంగానో మార్చుకుంటుంది. అన్నదమ్ములు పంచుకున్నపుడు ఇంటి వెడల్పు తగ్గి, ఒక వాటాలో మగ్గానికి చోటు చాలదు. మట్టిమిద్దెల స్థానంలో కాంక్రీటు కప్పులు వచ్చాయి. ఇవి వానకు కూలవు, ఏటా చౌడు వేయనక్కరలేదు. కాని వేసవిలో లోపల వేడి పెరిగి, నూలుకూ నేతగానికీ ఇబ్బంది కలుగుతుంది.

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో భాగంగా ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్ళతో నాలుగు అంతస్తుల సముదాయాలను చేపట్టింది. ఇల్లు లేని పేదలకు ఇవి ఆశ్రయమే అయినా, పై అంతస్తులో గుంట తవ్వడం సాధ్యం కాదు. అక్కడికి మారిన నేతగాడు నేలపై నిలిపే మగ్గానికి మారాలి, లేదా పని కోసం వేరొక చోటికి వెళ్ళాలి. 2019 డిసెంబరులో ప్రారంభమై 2024 వరకు సాగిన నేతన్న నేస్తం పథకంలో సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏటా రూ. 24,000 ఇచ్చారు. ఇంటిలో మగ్గానికి చోటు లేని కుటుంబానికి ఇటువంటి సహాయం అందుకోవడం కూడా కష్టమవుతుంది. ఈ కారణంగా చేనేత వారి గృహనిర్మాణంలో మగ్గపు గది, ఎత్తైన పునాది, పడుగు చాచే వీధి, నీడ చెట్లు అనే నాలుగు అంశాలు ఇప్పటికీ ప్రాధాన్యం కలిగి ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

ఆదోని
ఎమ్మిగనూరు
చేనేత
దత్త మండలాలు