పలువరుస, దవడ కీలు: కార్యకారణ సంబంధ పరిశీలన

కీలకపదాలు: దవడ కీలు, పలువరుస, క్రాస్ బైట్, పళ్ళు నూరడం, శంషాబాద్

చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే కదిలేదే దవడ కీలు. కణత ఎముకలోని గుంటకూ కింది దవడ తలకూ నడుమ ఒక డిస్క్ ఉంటుంది. నోరు తెరిచినప్పుడు దవడ తల మొదట తిరిగి, ఆపై డిస్క్‌తోపాటు ముందుకు జారుతుంది. డిస్క్ చోటు తప్పితే ‘టక్’మని చప్పుడవుతుంది. నొప్పి లేని చప్పుడుకు సాధారణంగా చికిత్స అవసరం లేదు.

ఈ బాధలకు పలువరుసే మూలమన్న భావనకు 1934లో అమెరికన్ చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ రాసిన వ్యాసం బలమిచ్చింది. వెనుక పళ్ళు ఊడితే దవడ తల వెనక్కి ఒత్తుకుని చెవిబాధ కలిగిస్తుందని ఆయన ప్రతిపాదన. దాని శరీరనిర్మాణ ఆధారం నిలవలేదు. దానినుండి పుట్టిన చికిత్స మాత్రం దశాబ్దాలు నిలిచింది. 1993లో పుల్లింగర్, సెలిగ్‌మన్, గోర్న్‌బైన్‌లు పలువరుస లక్షణాలన్నిటినీ కలిపి గణించారు. ముందు పళ్ళు కలవని ఓపెన్ బైట్, ఒకవైపు క్రాస్ బైట్, పై పళ్ళు 6 మిల్లీమీటర్లకు మించి ముందుకుండటం, అయిదు లేక అంతకుమించి వెనుక పళ్ళు లేకపోవడం వంటి కొన్నిటికే సంబంధం కనిపించింది. అదీ స్వల్పమే. పైగా ఓపెన్ బైట్ కొందరిలో కారణం కాదు, ఫలితం: కీళ్ళవాతంతో దవడ తల అరిగితే కింది దవడ వెనక్కి జరిగి ముందు పళ్ళు విడిపోతాయి. అటువంటి వారికి క్లిప్పులు వేయడమంటే వ్యాధిని వదిలి దాని నీడకు వైద్యం చేయడమే.

శంషాబాద్‌లో ఈ చర్చ కేవలం శాస్త్రీయం కాదు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటినుండి ఇక్కడ భద్రత, సరుకు రవాణా, క్యాబ్‌ల పనులు రాత్రింబవళ్ళు సాగుతున్నాయి. నిద్రలేమి, మానసిక ఒత్తిడి, పళ్ళు బిగపట్టడం, నిద్రలో నూరడం దవడ నొప్పితో ముడిపడిన అంశాలు. రాత్రి విధులు చేసే వ్యక్తి దవడ నొప్పితో వస్తే పలువరుస అచ్చు తీయడానికి ముందు అతని నిద్రవేళలు అడగాలి. వక్క, గుట్కా అలవాటు కూడా అడగాలి. వాటివల్ల నోటి లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోకపోవడం కీలు జబ్బు కాదు. క్యాన్సర్‌గా మారగల వేరే వ్యాధి.

నొప్పి తగ్గుతుందన్న ఆశతో పళ్ళను అరగదీయడాన్ని ఈ వ్యాసకర్త సమర్థించలేడు. పోయిన ఎనామిల్ తిరిగిరాదు. మెత్తని ఆహారం, వేడి కాపడం, దవడ వ్యాయామం, అవసరమైతే రాత్రి పెట్టుకునే స్ప్లింట్ అనేవి నచ్చకపోతే మానుకోగల చికిత్సలు. ఎక్కువమందికి వీటితోనే ఉపశమనం కలుగుతుంది. అయితే నిన్నటిదాకా సరిగా కలిసిన పళ్ళు హఠాత్తుగా కలవకపోతే మాత్రం కీలునే ముందుగా పరీక్షించాలి.