అర లీటరంటే అర కిలో కాదండీ!

పోయిన కార్తీక మాసంలో గాజువాకలో మా వీధికి అరకు వైపు నుంచి ఒకామె తేనె అమ్మడానికి వచ్చింది. అర లీటరు నీళ్ల సీసాల నిండా తేనె. ‘‘అర కిలో సీసా రెండొందల యాభై తల్లీ’’ అంది. నేనూరుకుంటానా! ‘‘అర కిలో ఉంటుందని నమ్మకమేమిటి? తూచావా?’’ అని నిలదీశాను. ‘‘తూకం నాకాడెక్కడిదమ్మా, సీసాయే కొలత’’ అంది. గీచి గీచి బేరమాడి ఇరవై రూపాయలు తగ్గించాను. గెలిచానని మురిసిపోయాను కూడా.

సాయంత్రం పిల్లలకి కేకు చేద్దామని చూస్తే అందులో తేనె వంద గ్రాములని ఉంది. సీసాని వంటింటి త్రాసు మీద పెట్టాను. ఖాళీ సీసా బరువు పోను 700 గ్రాములు! త్రాసు పాడైందేమోనని అదే కొలతకి నీళ్లు పోసి తూచాను. సరిగ్గా 500.

ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే మావారు నవ్వారు. ‘‘ఇనుప గుండూ, కొబ్బరికాయా ఒకే సైజైతే బరువూ ఒకటేనా?’’ అన్నారు. నిజమే. మంచి తేనెలో నీరు అయిదో వంతుకు మించదు, మిగతాది దాదాపు అంతా చక్కెరలే. అందుకే అది నీటికంటే సుమారు 1.4 రెట్లు బరువు.

లెక్క సులువే. మిల్లీలీటర్లను 1.4తో హెచ్చిస్తే గ్రాములు, గ్రాములను 1.4తో భాగిస్తే మిల్లీలీటర్లు. టీస్పూను (5 మి.లీ.) 7 గ్రాములు, టేబుల్‌స్పూను (15 మి.లీ.) 21 గ్రాములు, 240 మి.లీ. కప్పు సుమారు 340 గ్రాములు. కిలో తేనెకి 715 మి.లీ. పట్టే డబ్బా చాలు.

బరువుంది కదా అని స్వచ్ఛమైనదే అనుకోకండి. చక్కెర పాకమూ బరువే. నీళ్లు కలిపితే మాత్రం తూకం తగ్గుతుంది. ఇంకోమాట, ఏడాది నిండని పసిపిల్లలకి తేనె అసలు నాకించకూడదు.

ఇంతకీ నన్ను తొలిచేసిన సంగతి వేరు. ఆమె 350 రూపాయల సరుకిచ్చి 230 తీసుకుంది. మన విశాఖలోనే ప్రధాన కార్యాలయమున్న గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిందే, అడవి సరుకుకి గిరిజనులు మోసపోకుండా సరైన ధర దక్కాలని. ఆ సంస్థ దుకాణాల్లో తేనె సీసాల మీద గ్రాములే ఉంటాయి. వీధిలోకొచ్చిన మనిషిని మాత్రం నేనే దబాయించాను!

పదిహేను రోజులకి ఆమె మళ్లీ వచ్చింది. అరుగు మీద త్రాసు పెట్టి, ఆమె ఎదురుగానే తూచి చూపించి 120 రూపాయలు చేతిలో పెట్టాను. డబ్బు కొంగున ముడేసుకుని, ఖాళీ సీసా ఒకటి నా ముందుంచింది. ‘‘అర కిలో ఎక్కడికొస్తాదో గీత గీసియ్యమ్మా’’ అంది.

తూచి, ఎర్రటి గోళ్లరంగుతో గీత గీశాను. సీసాలో మూడొంతుల కన్నా కిందే ఆగింది.