గడపలోనే చెప్పవలసిన మాట

మనసులోని దుఃఖమును ఎవరితోనైన చెప్పుకొన్నచో సగము తీరునని మన పెద్దలందురు. ఎవరితో చెప్పుకొనవలెనన్నదే చిక్కు. బంధువుతో చెప్పుకొన్న మాట పెండ్లిపందిళ్లలో వినబడును. స్నేహితునితో చెప్పుకొన్నది ఆతడు అలిగిననాడు బయటపడును. అందుచేతనే నేడు మన నగరములలో పలువురు, తమ్మెరుగని ఒక చికిత్సకుని గదికి పోయి మనసు విప్పుచున్నారు. దీనినే థెరపీ అనియు, కౌన్సెలింగనియు వ్యవహరించుచున్నారు.

ఆ గదిలో అడుగిడినవానికి తరచుగా మొదట ఎదురగునది ఓదార్పు కాదు, ఒక కాగితము. సమావేశము సాధారణముగా 50 నిమిషములు, రుసుము ఇంత, రాలేనిచో ముందుగా తెలుపవలెను, తెలుపక మానినచో రుసుము చెల్లింపవలెను. ఇట్టి నియమములు అందుండును. కన్నీరు తుడుచుటకును కూలియా, దుఃఖమునకును గడియారమా అని మనవారు నొచ్చుకొనుట సహజమే. కాని ఆ నియమముల వెనుకనున్న యోచన తెలిసికొనదగినది.

వియన్నా నగరమున స్వంతముగా వైద్యము సాగించిన సిగ్మండ్ ఫ్రాయిడ్, చికిత్సారంభమును గూర్చి 1913లో వ్రాసిన వ్యాసమున ఈ విషయమునే చర్చించెను. రోగికి కేటాయించిన గంట రోగి సొత్తు. దానిని వాడుకొనకపోయినను రుసుమునకు ఆతడే బాధ్యుడు. సంగీతమును, భాషలను నేర్పు ఉపాధ్యాయుల యెడల సంఘము ఈ పద్ధతిని అంగీకరించియే యున్నదని ఆయన గుర్తుచేసెను. డబ్బు సంగతి దాపరికము లేక మొదటనే మాటలాడవలెననియు చెప్పెను. ఆ విషయమున వైద్యుడే సిగ్గుపడినచో, తక్కిన సంగతులలో సిగ్గు విడువుమని రోగికెట్లు చెప్పగలడు? అట్లని ఆయన బీదలను మరువలేదు. మానసిక చికిత్స పొందు హక్కు పేదవానికిని కలదని 1918లో బుడాపెస్టు మహాసభలో చెప్పెను. 1920లో ఆయన అనుయాయులు బెర్లినులో అట్టివారికొక చికిత్సాలయము తెరచిరి.

రుసుమునకు వేరొక ప్రయోజనము కూడ కలదు. మన గోడు ఊరక వినిన బంధువునకు మనము ఋణపడియుందుము. మరునాడు ఆతని మొగము చూచుటకు సంకోచింతుము. రుసుము చెల్లించినవాడు ఆ విధముగా ఋణపడడు. కానుకలను, వ్యాపారములను, చుట్టరికములను మంచి చికిత్సకుడు దూరముగా నుంచుట కూడ ఇందుకే. గడియారమును అట్టిదే. దినమునకు పలువురి వ్యథ వినవలసినవాడు హద్దు లేక వినినచో, మొదటివానికి చూపిన శ్రద్ధ చివరివానికి చూపజాలడు.

అమెరికా దేశపు మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్, 1951లో ప్రకటించిన గ్రంథమునకు పెట్టిన పేరులోనే, వచ్చినవానిని రోగి అనక క్లయింటు అనెను. మన యూళ్లలో ఈ మాట వకీలు గుమాస్తా నోట వినబడును. మాట చిన్నదైనను భేదము పెద్దది. రోగి ఇచ్చిన మందు పుచ్చుకొనువాడు. క్లయింటు ఒడంబడికలో రెండవ పక్షము. చికిత్సకుని చదువేమో, అవలంబించు పద్ధతి యేదో, ఎంతకాలము పట్టునో ఆతడు అడుగవచ్చును, సరిపడనిచో మానుకొనవచ్చును. ఆతడు వేళకు రావలెను, దాచక చెప్పవలెను, రెండు సమావేశములలోనే బాధ మాయమగునని ఆశింపరాదు.

ఇన్ని నియమములలో ప్రాణప్రదమైనది గోప్యము. మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 23వ సెక్షనులో దీనిని హక్కుగా గుర్తించినది. అయినను ఆ హక్కు హద్దు లేనిది కాదు. ప్రాణాపాయము గాని, ఇతరులకు హాని గాని ఉన్నప్పుడును, న్యాయస్థానము ఆదేశించినప్పుడును అవసరమైనంతవరకు వెల్లడింపవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లు నిండనివారిపై లైంగిక అత్యాచారము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపక తప్పదని 2012 నాటి పోక్సో చట్టము శాసించుచున్నది.

ఈ హద్దు ఎంత బరువైనదో కాలిఫోర్నియాలో జరిగిన ఒక వ్యాజ్యము చూపినది. విశ్వవిద్యాలయమున చికిత్స పొందుచున్న ఒకడు, తానొక యువతిని చంపదలచినట్లు చికిత్సకునితో చెప్పెను. చికిత్సకుడు విశ్వవిద్యాలయపు పోలీసులకు తెలిపెను గాని, ఆ యువతికి గాని ఆమె తల్లిదండ్రులకు గాని ఎవ్వరును తెలుపలేదు. 1969లో ఆమె హత్యకు గురియయ్యెను. ప్రమాదములో నున్న మూడవ వ్యక్తిని కాపాడుటకు తగిన జాగ్రత్త తీసికొనుట కూడ చికిత్సకుని విధియేయని ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1976లో తీర్పు చెప్పెను.

కనుక మంచి చికిత్సకుడు గోప్యమును వాగ్దానము చేయునప్పుడే దాని హద్దును కూడ గడపలోనే చెప్పును. మనసు విప్పిన పిదప ఇది పైకి చెప్పక తప్పదనుట వినువానికి ద్రోహముగా తోచును. ముందు తెలిసినచో, ఎంతవరకు చెప్పవలెనో ఆతడే నిర్ణయించుకొనును.

ఈ మాట విద్యాలయములకు నేడు మరింత అవసరము. విశాఖపట్టణమున చదువుచుండిన ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకములు వెలువరించినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థలలో అర్హతగల కౌన్సెలరు గాని, మనస్తత్వవేత్త గాని, సామాజిక కార్యకర్త గాని ఒక్కరైన ఉండవలెనని అందు ఆదేశించినది. మంచిదే. కాని గది యొకటి చూపి పలక తగిలించినంత మాత్రాన పిల్లలు వచ్చి మాటలాడరు. అందు చెప్పుకొన్నది సాయంకాలమునకు ప్రధానోపాధ్యాయుని బల్లమీదికి చేరునన్న అనుమానము కలిగినచో, ఆ గడప ఎవ్వడును తొక్కడు.

తల్లిదండ్రుల సంగతి ఇంకను సున్నితమైనది. రుసుము చెల్లించువారము మేమే, మా అబ్బాయి ఏమి చెప్పినాడో మాకు తెలియవద్దా అని వారడుగుదురు. వారి ఆందోళన కాదనరానిది. మైనరు విషయమున సంరక్షకునికి చట్టము కూడ స్థానమిచ్చినది. అందుచేత మొదటి దినముననే పెద్దలను, బాలుని ఒకచోట కూర్చుండబెట్టి మాట నిశ్చయించుకొనుట మేలు. వచ్చుచున్నాడా, కుదుటపడుచున్నాడా అన్నది పెద్దలకు తెలుపబడును. అపాయమున్నచో తప్పక తెలుపబడును. తక్కిన మాటలు ఆ గదిలోనే యుండును.

ఉపాధ్యాయులు చికిత్సకులు కారు, కానక్కరలేదు. అయినను బడి విడిచిన పిమ్మట వసారాలో నిలిచి, ఎవరికీ చెప్పకండి సార్ అని మాట మొదలుపెట్టు పిల్లవాడు మనవద్దకే వచ్చును. ఆ క్షణమున జాలితో చెప్పనని మాట ఇచ్చుట సులభము. ప్రాణమునకు అపాయమున్నదని తెలిసిననాడు ఆ మాట నిలుపుట పాపము, తప్పుట నమ్మకద్రోహము. నీ మాట నలుగురిలో పెట్టను. నీకు గాని మరియొకరికి గాని అపాయమున్నచో మాత్రము సహాయము చేయగలవారికి చెప్పుదును. అదియు నీతో చెప్పియే చెప్పుదును అని ముందే అనవలెను. రుసుము పెట్టుకొనలేని కుటుంబములకు, 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ కలదు. 14416 నంబరునకు ఫోను చేసినచో ఉచితముగా మాటలాడవచ్చును. ఆ నంబరు బడి గోడమీద పిల్లలందరి కంటబడునట్లు వ్రాయించుట ఒక సుద్దముక్క ఖర్చు.